ఆన్‌లైన్ అమ్మకాలు పెరిగాక త్రిఫ్ట్ స్టోర్‌లో ఎలా కొనాలి?

దానంగా వచ్చిన వాడిన వస్తువులను చవగ్గా అమ్మే త్రిఫ్ట్ స్టోర్లలో ఒకప్పుడు అక్కడి సిబ్బంది ఎంతంటే అంతే ధర. 1995లో ఆన్‌లైన్ అమ్మకాల సైట్ ఈబే మొదలై, తర్వాత వాడిన బట్టలు అమ్ముకునే పోష్‌మార్క్, డీపాప్ లాంటివి వచ్చాక లెక్క మారింది. ఇప్పుడు సిబ్బంది ధర చీటీ అంటించే ముందు ఆ వస్తువు ఆన్‌లైన్‌లో ఎంత పలుకుతోందో ఫోన్‌లో చూస్తున్నారు. అమెరికాలో త్రిఫ్ట్ స్టోర్లు నడిపే గుడ్‌విల్ సంస్థ 1999 నుంచే షాప్‌గుడ్‌విల్ సైట్‌లో వేలం వేస్తోంది. నగలు, కెమెరాలు, పేరున్న బ్యాగులు చాలాసార్లు దుకాణంలోకి రాకుండానే అటు వెళ్తాయి. తిరిగి అమ్మేందుకు కొనేవాళ్లూ పెరిగారు. సొంతానికి కొనుక్కునేవాళ్లు వెతికే పద్ధతి మార్చుకోక తప్పదు.

ముందుగా మీకు సరిగ్గా సరిపోయే చొక్కా, ప్యాంటు టేపుతో కొలిచి ఆ అంకెలు రాసి పెట్టుకోండి. లేబుల్ మీది సైజును నమ్మవద్దు, అది కంపెనీకొక తీరుగా ఉంటుంది.

దుకాణంలోకి వెళ్లాక పేరును కాదు, గుడ్డను వెతకండి. అసలు కిటుకు ఇదే. ఫోన్‌లో చూసేవాళ్లు ఎక్కువగా వెతికేది బ్రాండ్ పేరే కాబట్టి పేరులేని మంచి సరుకు చాలాసార్లు వాళ్ల కళ్లు తప్పించుకుంటుంది. హ్యాంగర్ల వరుస మీద చెయ్యి పోనివ్వండి. ఉన్ని, లినెన్, పట్టు చేతికే తెలుస్తాయి. తర్వాత లోపలి లేబుల్ చదవండి. బట్టను వెలుతురుకు ఎత్తిపట్టి మోచేతులు, మెడపట్టీ, తొడల లోపలివైపు పలచబడ్డాయేమో చూడండి. చంకల్లో మరకలు, ఉన్నిలో పురుగు కొట్టిన చిల్లులు, జిప్పు, కుట్లు అన్నీ చూడాలి. ఊడిన గుండీ కుట్టుకోవచ్చు, నలిగి చిరిగిపోయే గుడ్డను ఏమీ చేయలేం.

ధర ఎక్కువనిపిస్తే మీరూ ఫోన్ తీయండి. అయితే అమ్మేవాళ్లు అడుగుతున్న ధర చూసి మోసపోకండి, ఎంతైనా అడగొచ్చు. ఈబేలో ‘సోల్డ్ ఐటమ్స్’ ఎంచుకుంటే నిజంగా అమ్ముడైన ధరలు కనిపిస్తాయి. ఆ ధరలో ఫొటోలు, ప్యాకింగ్, సైట్ కమిషన్ ఖర్చులూ కలిసి ఉంటాయి. దుకాణం కూడా అంతే అడిగితే వదిలేయడమే మేలని నా అభిప్రాయం.

పార్సిల్‌కు లొంగని వస్తువుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. చెక్క బల్లలు, పింగాణీ పళ్లేలు, గాజు సామాను, ఇనుప పెనాలు పంపాలంటే ఖర్చు లాభాన్ని తినేస్తుంది, పగిలే భయమూ ఉంటుంది. అందుకే తిరిగి అమ్మేవాళ్లలో చాలామంది వీటిని అంతగా ముట్టుకోరు. బల్ల సొరుగు బయటికి లాగి మూలలు చూడండి. దువ్వెన పళ్లలా కోసి ఒకదాంట్లో ఒకటి బిగించిన చెక్క అయితే గట్టిది. పుస్తకాల్లో పాతవి తిరగేయండి. చాలామంది బార్‌కోడ్ స్కాన్ చేసి ఏరుకుంటారు, 1970కి ముందు అచ్చైనవాటికి బార్‌కోడే ఉండదు.

హెల్మెట్లు, పిల్లల కారు సీట్లు మాత్రం కొనకండి. ప్రమాదంలో దెబ్బతిన్నా పైకి కనపడకపోవచ్చు.

మీరే తిరిగి అమ్మాలనుకుంటే చలికోట్లు, పిల్లల బట్టలు, పెద్ద సైజులు మూటగట్టుకుపోవద్దు. వాటి అవసరం ఉన్నవాళ్లకు వేరే దారి ఉండకపోవచ్చు.