నెట్ స్లో అంటే ఎక్కడ స్లో? ప్లాన్ పెంచే ముందు ఫోను పట్టుకుని ఇల్లు తిరగండి

మా అంగడి తిరుపతి బైరాగిపట్టెడలో ఉంది. కంప్యూటర్లు రిపేరు చేస్తాను. రోజూ ఎవరో ఒకరు గడప దాటకముందే చెప్పే మాట, "అన్నా, నెట్ శానా స్లోగా ఉండాది." ఒళ్ళు బాగలేదు అన్నట్టే ఈ మాట కూడా. జ్వరమో, అజీర్తో, కాలు బెణికిందో అందులో తెలీదు. అది తెలుసుకోకుండానే చాలామంది మందు కొనేసి వస్తారు. మందంటే 50 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) ప్లాన్‌ని 100కి పెంచుకోవడం.

పోయిన నెల ఎం.ఆర్.పల్లిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంటికి పోయినాను. ఆమె కూడా అప్పటికే ప్లాన్ పెంచేసింది. "డబ్బు ఎక్కువ కడతా ఉండా నాయనా, పేజీ మాత్రం రాదు. ఆ చక్రం తిరగతానే ఉంటాది, నేను పొయ్యి కాఫీ పెట్టుకోని వస్తా" అనింది. కంప్యూటర్ 2016లో కొన్నదట. "దాన్ని పారేసి కొత్తది తీసుకో అవ్వా" అని మనవడు పోరుతున్నాడట.

నేను కంప్యూటర్ జోలికి పోలేదు. ముందు జేబులోంచి ఫోను తీసినాను. మీరూ అదే చెయ్యండి.

మోడెం పక్కన నిలబడి, వైఫై మీద, ఈమధ్య మీరు చూడని బరువైన పేజీ ఒకటి తెరవండి. బొమ్మలూ ప్రకటనలూ కిక్కిరిసిన వార్తల సైటు ఏదైనా సరే. రోజూ చూసే పేజీ వద్దు. దాని సరుకు సగం ఫోన్లో ముందే దాచిపెట్టుకుని ఉంటుంది కాబట్టి పరీక్ష నిలబడదు. పేజీ పూర్తిగా రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టుకోండి. తరవాత కంప్యూటర్ ఉన్న గదిలోకి పోయి, ఆ కుర్చీలోనే కూర్చుని, అలాంటిదే ఇంకో పేజీ. అటుపైన వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద ఒకటి. చివరగా కంప్యూటర్లో.

ఏదో ఒక్క సైటే, మొబైల్ డేటా మీద కూడా మొరాయిస్తుంటే తప్పు ఆ సైటుది. మీ ఇంట్లో దేన్నీ ముట్టుకోవద్దు. మోడెం పక్కన నిలబడినా నత్తనడకే అయితే ముందు అనుమానం లైను మీద. మోడెం దగ్గర పరిగెత్తి గదిలోకొచ్చేసరికి కుంటితే వైఫై. గదిలోనూ ఫోను బాగుండి కంప్యూటరే ఏడిపిస్తుంటే కంప్యూటరో, అందులో బ్రౌజరో (క్రోమ్ లాంటి, పేజీలు తెరిచే ప్రోగ్రాము). పది నిమిషాల పని ఇది. ఇది చెయ్యకుండా ప్లాన్ మార్చినవాళ్ళ డబ్బు ఎక్కువభాగం వృథాయే అని నా అనుభవం.

టీచరమ్మ ఇంట్లో మోడెం దగ్గర పేజీ మూడు సెకన్లలో వచ్చింది. వెనక పడగ్గదిలో ఇరవై దాటింది. మధ్యలో ఏముందా అని చూస్తే రెండు తొమ్మిదంగుళాల గోడలు, వాటి నడుమ నిలువుటద్దం ఉన్న ఇనప బీరువా. వైఫైకి గోడ కంటే ఇనుము పెద్ద శత్రువు. పైగా కంప్యూటర్‌కి వైఫై అందుకునేది సీపీయూ వెనకాల, గోడకు ఆనుకుని గుచ్చిన గోరంత డాంగిల్. సాలీడు దాని మీద కాపురం పెట్టి ఉంది.

మీ మోడెం రెండు పేర్లతో వైఫై చూపిస్తుంటే వాటి తేడా తెలుసుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది, గోడలు కొంచెం బాగా దాటుతుంది, కానీ ఇరుకు. అపార్ట్‌మెంట్లో ఇరవై ఇళ్ళుంటే ఇరవై మోడెములూ ఆ సందులోనే తోసుకుంటాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండే చానళ్ళు అందులో మూడే, 1, 6, 11. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే పనిచేస్తుంది, అందుకే వంటింట్లో ఓవెన్ తిరిగేటప్పుడు పక్క గదిలో పేజీలు నిలబడిపోతాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం, కానీ గోడ కనపడితే నీరసపడిపోతుంది. మోడెం, కంప్యూటర్ ఒకే గదిలో ఉంటే 5 పెట్టుకోండి. పాత డాంగిళ్ళలో చాలావాటికి 5 అసలు కనపడనే కనపడదు.

ఇంతకీ నన్నడిగితే, కదలకుండా ఒకే మూల కూర్చునే కంప్యూటర్‌కి వైఫై ఎందుకు? మోడెం నుంచి నేరుగా లాన్ వైరు లాగండి. క్యాట్ 5ఈ చాలు, క్యాట్ 6 అయితే ఇంకా మంచిది. టీచరమ్మ ఇంట్లో గోడ వారగా, కిటికీ చువ్వల్లోంచి తిప్పితే 15 మీటర్లు పట్టింది. తలుపు కింద నలిగేటట్టు మాత్రం వెయ్యొద్దు. లోపల ఎనిమిది తీగలుంటాయి, వాటిలో ఒకటి తెగినా 1000 ఎంబీపీఎస్ పోవాల్సిన వైరు 100కి పడిపోవచ్చు.

వైరు వేసినాక నిజంగా బాగైందా అని చూసుకోవడానికి అందరూ స్పీడ్ టెస్ట్ పెడతారు. అందులో పెద్దగా కనపడే ఎంబీపీఎస్ అంకె చెప్పేది బస్సులో ఎన్ని సీట్లున్నాయన్న సంగతి. ఎన్ని సీట్ల బస్సు పెట్టినా ఘాట్‌రోడ్డు ఎక్కే టైము ఎక్కేదే కదా. వెబ్ పేజీ అంటే ఒక్క పెద్ద మూట కాదు, పదులూ వందలూ చిన్న పొట్లాలు. వాటికోసం కంప్యూటర్ మళ్ళీ మళ్ళీ పోయి అడిగి రావాలి. పేజీ బిరీన రావాలంటే సీట్ల కంటే ఆ పోయివచ్చే టైము ముఖ్యం. దాన్నే పింగ్ అంటారు. సినిమా డౌన్‌లోడు బాగానే అవుతుంది, పేజీలు మాత్రం ఆలస్యం అనేవాళ్ళ ఇళ్ళలో చాలాసార్లు సంగతి ఇదే.

చూసుకోవడం సులువు. విండోస్ మీట పట్టుకుని ఆర్ నొక్కండి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషులో సీఎండీ (cmd) అని కొట్టి ఎంటర్. నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి ఎంటర్ నొక్కితే 'డిఫాల్ట్ గేట్‌వే' ఎదురుగా ఒక నంబరు కనపడుతుంది, చాలా ఇళ్ళలో 192.168.1.1. అది మీ మోడెం. పింగ్ (ping) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబరు వెయ్యండి. వైరు మీద 1 మిల్లీసెకను, అంతకంటే తక్కువ రావాలి. వైఫై మీద 5, 10 వచ్చినా పర్వాలేదు. వందల్లో ఎగురుతున్నా, 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని వస్తున్నా జబ్బు మీ నాలుగు గోడల మధ్యే ఉంది. తరవాత అదేవిధంగా 8.8.8.8కి కొట్టండి, అది గూగుల్ వాళ్ళది. ఫైబర్ మీద 10 నుంచి 30 వస్తే బాగున్నట్టు. మోడెం వరకు శుభ్రంగా ఉండి ఇది ఎగిరెగిరి పడుతుంటే తేడా ఎక్కువగా ఇంటి బయటే. టీచరమ్మ కంప్యూటర్లో మోడెంకే ముందు 180, 40, 600 అని ఎగిరింది, వైరు పెట్టినాక 1 దగ్గర కూర్చుంది.

తేడా బయటే అని తేలితే మోడెం దీపాలు చూడండి. లాస్ (LOS) అని రాసిన దీపం ఎర్రగా వెలిగితే ఫైబర్ తెగినట్టో, వంగినట్టో. ఫైబర్ లోపలుండేది గాజు, అందులో పోయేది వెలుగు. ముడిలాగా వంచితే వెలుగు పక్కకు కారిపోతుంది. మిగిలిన తీగను చుట్టి మేకుకు తగిలించే అలవాటు మనకుంది. చుట్టండి, కానీ పళ్ళెమంత వెడల్పుగా చుట్టండి, ఉంగరంలాగా కాదు. కొండకింది వీధుల్లో ఇంకో బాధ కోతులు. మేడ మీద వేలాడే తీగ వాటికి ఉయ్యాల. ఒక ఇంట్లో వారం రోజులు సాయంత్రం పూటే నెట్ పోతుంటే, మేడెక్కి చూస్తే తెలిసింది. కంపెనీకి ఫోన్ చేసేటప్పుడు "స్లోగా ఉంది" అనకండి. "వైరు మీద పెట్టి చూసినాను, మోడెంకి పింగ్ 1, బయటికి ఇంత, ఫలానా టైము నుంచి" అని చెప్పండి. ఒకసారి ఆపి వెయ్యండి సార్ అనే పాట అప్పుడు సగానికి ఆగుతుంది.

లైన్లో ఏ తేడా లేకున్నా ఇల్లంతా నెట్ కుంటుపడే సందర్భం ఒకటుంది, దాన్ని ఎవరూ అనుమానించరు. పెళ్ళికి పోయి నాలుగొందల ఫోటోలు, వీడియోలు తీసుంటారు. ఇల్లు చేరి వైఫై తగలగానే ఫోను వాటన్నిటినీ పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది. పైకి పోయే దారి నిండిపోతే "ఈ పేజీ ఇవ్వు" అని అడిగే చిన్న చీటీ కూడా ఆ వరసలోనే నిలబడాలి. కిందికొచ్చే దారి ఖాళీగా ఉన్నా లాభం లేదు. ఇంట్లో అందరి ఫోన్లలో వైఫై ఆపి చూడండి. రాత్రంతా క్లౌడ్‌లోకి, అంటే నెట్ మీద కంపెనీ వాళ్ళ కంప్యూటర్లకి, వీడియో పంపే సీసీ కెమెరా ఉంటే దాన్ని కూడా. నెలాఖరులోనే స్లో అవుతుంటే మాత్రం మీ ప్లాన్ డేటా పరిమితి అయిపోయిందేమో బిల్లులో చూసుకోండి.

మళ్ళీ టీచరమ్మ దగ్గరికి వస్తాను. వైరు వేసినాక పింగ్ బాగైంది, అయినా క్రోమ్ తెరుచుకోవడానికే నిమిషం పట్టింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ 100 శాతం, ఎర్రగా. ఇది నెట్ సంగతే కాదు. పాత హార్డ్ డిస్క్‌లో పళ్ళెం తిరుగుతూ, ముల్లు ఒక్కోచోటికి జరిగి చదవాలి. చిన్నచిన్న ముక్కలు వందలు అడిగితే అది ఆయాసపడుతుంది. ఎస్‌ఎస్‌డీ (చిప్పుల్లో సరుకు దాచే డిస్క్) వేస్తే ఆ ముల్లే ఉండదు. ఆమె ఫోటోలు ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసి, పాత డిస్క్‌ని ఎస్‌ఎస్‌డీలోకి నకలు చేసి పెట్టినాను. పనిలో ఉన్నవాటిని పట్టుకునే 4 జీబీ ర్యామ్‌కి ఇంకో 4 తోడు చేసినాను. ఆ మనవడే వచ్చి "కొత్తది కొన్నావా అవ్వా" అన్నాడంట. ఒక్కటి దాచకుండా చెప్పాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు, అంటే భద్రతా అప్‌డేట్లు పంపడం, 2025 అక్టోబర్ 14తో ఆగింది, 2016 నాటి ప్రాసెసర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. వార్తలకీ పాటలకీ అది చాలు, బ్యాంకు పనులు అందులో వద్దని ఆమెకు చెప్పే వచ్చినాను.

బ్రౌజర్ సంగతికొస్తే ఒక యూనివర్సిటీ కుర్రోడి ల్యాప్‌టాప్ గుర్తొస్తుంది. మంచి మిషను, ఎస్‌ఎస్‌డీ, 5 గిగాహెర్ట్జ్, అన్నీ ఉన్నాయి, పేజీ మాత్రం పాకుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీలో అదే పేజీ తెరిచినాను. టక్కున వచ్చింది. ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) మామూలుగా పనిచెయ్యవు, కాబట్టి దొంగ అక్కడే ఉన్నాడని అర్థం. తీసి చూస్తే పదకొండు. కూపన్లు వెతికేది, పీడీఎఫ్ మార్చేది, ఇంకేవో. వాడికే తెలీదు ఎప్పుడు వేసినాడో. రెండు ఉంచి మిగిలినవి పీకేసినాను. ఏ ట్యాబ్ ఎంత తింటోందో చూడాలంటే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కండి. రెండు యాంటీవైరస్‌లు వేసుకున్నవాళ్ళు ఒకటి తీసెయ్యండి, ఇద్దరు కాపలావాళ్ళు ఒకరినొకరు తనిఖీ చేసుకుంటుంటారు.

బ్రౌజర్లో కింద ఎడమ మూల 'రిజాల్వింగ్ హోస్ట్' అని చాలాసేపు నిలిచి, ఆపైన పేజీ గబుక్కున వస్తుంటే అది సైటు పేరుకు అడ్రస్ వెతుక్కునే ఆలస్యం. ఆ వెతికిపెట్టేదాన్నే డీఎన్ఎస్ అంటారు. బస్టాండులో దిగినవాడికి వీధి చెప్పే మనిషి నిదానస్తుడైతే ఎట్లుంటుందో అట్ల. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో సెక్యూరిటీ, అక్కడ 'యూజ్ సెక్యూర్ డీఎన్ఎస్' దగ్గర గూగుల్‌నో క్లౌడ్‌ఫ్లేర్‌నో ఎంచుకోండి. ఇక పేజీలు స్లో కాకుండా అసలు రాకపోయి, 'కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని భయపెడితే, ముందు కింద గడియారం చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్ళంత సెల్లు, సీఆర్ 2032, అయిపోతే తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. తేదీ తప్పైతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు. సెల్లు మార్చి తేదీ సరిచేస్తే సరి.

మన ఊళ్ళో ఈ పాఠానికి ఒక అనుబంధం తప్పదు. తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో వదిలే రోజు పొద్దున 10 గంటలకు నా ఫోను మోగుతానే ఉంటుంది. బయటూరి చుట్టాలు "మీరు తిరపతిలోనే ఉండారు కదా, మీకు బిరీన వస్తాది" అని నాకు ఫోన్ చేసేవాళ్ళకు పని అప్పజెప్పి ఉంటారు. సర్వర్‌కి మనం కొండకింద ఉన్నామని తెలీదు సామీ. దేశం మొత్తం ఒకే నిమిషంలో ఒకే వాకిలి దగ్గర నిలబడితే మీ 200 ఎంబీపీఎస్ ఏం చేస్తుంది? మీ చేతిలో ఉన్నది కొంచెమే. వైరు మీద కూర్చోండి, ఆధార్ నంబర్లూ పేర్లూ ముందే పక్కన రాసిపెట్టుకోండి, ఒక్క బ్రౌజర్లో ఒక్క ట్యాబే తెరవండి. వరసలో ఉన్నారని పేజీ చూపిస్తే దాన్నట్లే వదిలెయ్యండి. ఊరుకోలేక రీఫ్రెష్ కొడితే, కంపార్ట్‌మెంటులోంచి లేచి బయటికొచ్చి మళ్ళీ లైను చివరికి పోయి నిలబడినట్టు కావచ్చు.