పాత డిజిటల్ వోల్ట్‌మీటర్ కిట్ రిపేర్ - 3వ పాఠం: వెలగని గీత

పోయిన పాఠంలో పవర్ సప్లయ్ చూశాం. మీటరు నడిపే ప్రధాన ఐసీ (చిప్) ఐసీఎల్7107. దాని ఒకటో కాలి దగ్గర +5, 26వ కాలి దగ్గర -5 వోల్టులు వస్తుంటేనే ఈ పాఠం మొదలుపెట్టండి.

అంకె మొత్తం ఆరిపోతే ఎవరికైనా తెలుస్తుంది. చిక్కంతా ఒక్క గీత పోయినప్పుడే. ఒక్కో అంకెలో ఎ నుంచి జి వరకు పేర్లున్న ఏడు గీతలుంటాయి. కుడివైపు పైన ఉండే 'బి' పోతే 8 కాస్తా 6 అవుతుంది. ఎడమవైపు కింద ఉండే 'ఇ' పోతే 9, నడిమి 'జి' పోతే 0. లైన్‌లో 238 వోల్టులుంటే మీటరు 236 అని చూపిస్తుంది, మనమూ నమ్మేస్తాం.

కొలిచే వైర్లు తీసేయండి. 230 వోల్టుల లైన్ తగిలి ఉండగా బోర్డు ముట్టుకోవద్దు. ఐసీ 37వ కాలిని +5కు తాకిస్తే గీతలన్నీ వెలిగి 1888 రావాలి. మీది ఎల్‌సీడీ ఉన్న 7106 కిట్ అయితే రెండు మూడు సెకన్లు చాలు, ఎక్కువసేపు ఉంచితే డిస్‌ప్లేయే పాడవుతుంది.

ఏదైనా గీత రాలేదా? సోల్డరింగ్ ఐరన్ జోలికి అప్పుడే పోకండి. 7107లో మల్టీప్లెక్సింగ్ (ఒకే దారిని చాలా గీతలు పంచుకోవడం) లేదు. వేల స్థానంలోని 1కి మాత్రం రెండు గీతలకూ కలిపి 19వ కాలు. మిగతా ప్రతి గీతకూ ఐసీ నుంచి విడిగా ఒక దారి ఉంటుంది. వెతకాల్సింది ఆ ఒక్క దారిలోనే.

పవర్ ఆపి ఐసీని బేస్ (అది కూర్చునే సాకెట్) నుంచి తీయండి. మళ్లీ పవర్ ఇచ్చి, 330 ఓమ్‌ల రెసిస్టర్ ఒక కొస గ్రౌండ్‌కు కలిపి, రెండో కొసను బేస్‌లో ఆ గీత రంధ్రంలో పెట్టండి. ఒకట్ల స్థానానికి 2 నుంచి 8 వరకు కాళ్లు వరుసగా డి, సి, బి, ఎ, ఎఫ్, జి, ఇ.

వెలిగితే డిస్‌ప్లే, ట్రాక్ (బోర్డు మీది రాగి దారి) రెండూ బాగున్నట్టే. పాత కిట్లలో నేను మొదట అనుమానించేది నల్లబడిన ఐసీ కాలిని. రబ్బరుతో రుద్ది మళ్లీ గుచ్చండి. అప్పటికీ రాకపోతే ఐసీ మార్చాలి.

వెలగకపోతే అదే కొసను నేరుగా డిస్‌ప్లే కాలికి ఆనించండి. ఇక్కడ వెలిగితే మధ్యలో డ్రై సోల్డరో (సరిగ్గా అతుక్కోని టంకం), తెగిన ట్రాకో ఉంది. ఇక్కడా వెలగకపోతే గీతే పోయింది.

కొత్త డిస్‌ప్లే కామన్ యానోడ్ (గీతలన్నిటి ప్లస్ కొసలూ ఒకటిగా కలిసినది) కావాలి. అర అంగుళం సైజుకు ఎల్‌టీఎస్ 542 అని అడగండి. 543 చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది కానీ అది కామన్ కేథోడ్ (మైనస్ కొసలు కలిసినది), ఒక్క గీతా వెలగదు. పాతదాన్ని ఊపి పీకితే రాగి ట్రాక్ లేచి వస్తుంది. పంపుతో ఒక్కో కాలి టంకం లాగేశాకే కదిలించండి. కొత్తదాని చుక్క కుడివైపు కిందకు రావాలి.

బిగించాక 1888 సరిగ్గా వచ్చి, రీడింగ్ మాత్రం తప్పుగా ఉంటే ఐసీ 36వ కాలి దగ్గరి రిఫరెన్స్ వోల్టేజ్ (మీటరు కొలతను పోల్చుకునే వోల్టేజ్) చూడాలి. ప్రీసెట్‌తో (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) దాన్ని సరిచేయడం వచ్చే పాఠంలో.