పిడికిలి ఆయుధమేనా? మాంక్ చేతికి మ్యాజిక్ ఐటమ్ ఇచ్చే ముందు

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అని, పాత్రలు వేసుకుని పాచికలతో ఆడే ఆట. మా ఆటలో ఒక వేర్‌వుల్ఫ్ (మనిషి తోడేలు) రెండే రెండు రౌండ్లలో చచ్చింది. 58 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఉన్న జీవి, పైగా వెండి ఆయుధమో మ్యాజిక్ దెబ్బో కాకపోతే మామూలు కత్తులు, గుద్దులు దానికి తగలవు. చాలావరకు కొట్టింది ఐదో లెవల్ మాంక్ (గుద్దులతో పోరాడటంలో ఆరితేరిన పాత్ర), అదీ ఉత్త చేతులతో. ఆ పోరాటం కోసమే 100 బంగారు నాణేలు పోసి కత్తికి వెండి పూత వేయించుకున్న ఫైటర్ మాత్రం ఆ రాత్రంతా ముభావంగానే ఉన్నాడు.

తప్పు నాదే, ఆట నడిపే డీఎం నేనే. మాంక్ చేతులకు గాంట్లెట్స్ ఆఫ్ ఓగర్ పవర్ అనే మ్యాజిక్ గ్లౌజులు ఉన్నాయి. "ఇవి మ్యాజిక్‌వి కదా, వీటితో గుద్దితే ఆ గుద్దు కూడా మ్యాజిక్కే కదా" అన్నాడు మాంక్ ఆడేవాడు. ఆట ఆగిపోతుందన్న టెన్షన్‌లో "సరే కానీ" అనేశాను. ఇంటికెళ్లి తీరిగ్గా చదివితే ఆ ఐటమ్ చెప్పేది ఒకే ఒక్క మాట: మీ స్ట్రెంగ్త్ 19 అవుతుంది. గుద్దుల ఊసే లేదు. వేర్‌వుల్ఫ్‌కి ఒక్క పాయింట్ కూడా తగలకూడదు.

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నియమాలతో ఆడేవాళ్లకు మొదట చెప్పేది ఇదే. ఐటమ్ పేరు చూడకండి, బొమ్మ చూడకండి. లాభం దేనికి వస్తుందని రాశారో ఆ ఒక్క వాక్యం చదవండి. చేతికి తొడుక్కునేది కదా అని అది పిడికిలికి పనిచేయదు.

ఆ వాక్యంలో అసలు చిక్కంతా "వెపన్" అన్న మాట దగ్గరే. ఈ నియమాల్లో పిడికిలి వెపన్ కాదు. కానీ పిడికిలితో కొట్టే దెబ్బ మాత్రం "మెలీ (దగ్గర నుంచి కొట్టే) వెపన్ అటాక్". మొదటిసారి చదివినప్పుడు నాకూ తల తిరిగింది. ఇక్కడ వెపన్ అటాక్ అంటే స్పెల్ అటాక్ కానిది అని అర్థం, అంతే. చేతిలో ఆయుధం ఉండాలని కాదు.

దీన్ని రెండు స్పెల్స్‌తో చూస్తే బాగా తెలుస్తుంది. మ్యాజిక్ వెపన్ అనే స్పెల్ వేయాలంటే మ్యాజిక్ లేని ఒక ఆయుధాన్ని తాకాలి. పిడికిలి ఆయుధం కాదు కాబట్టి కుదరదు. డివైన్ ఫేవర్‌లో "మీ వెపన్ అటాక్స్‌కి అదనంగా డి4 రేడియంట్ డ్యామేజ్" అని ఉంటుంది (డి4 అంటే నాలుగు ముఖాల పాచిక). గుద్దు వెపన్ అటాకే కాబట్టి ఇది వస్తుంది. ఐటమ్‌లకూ ఇదే లెక్క. "ఈ ఆయుధంతో కొడితే" అని ఉంటే మాంక్ పిడికిలికి ఏమీ రాదు. "వెపన్ అటాక్ తగిలితే" అని ఉంటే వస్తుంది. ఉత్తినే "అటాక్" అని ఉంటే అసలు గొడవే లేదు.

ఓగర్ గాంట్లెట్స్ మాంక్‌కి దండగ అని కూడా అనుకోకండి. స్ట్రెంగ్త్ (బలం) బదులు డెక్స్టెరిటీ (చురుకుదనం) వాడుకోవచ్చని మాంక్ నియమం, వాడి తీరాలని కాదు. డెక్స్టెరిటీ 16 ఉన్నవాడికి ప్లస్ 3 వస్తుంది, స్ట్రెంగ్త్ 19తో గుద్దితే ప్లస్ 4. ఆ ఒక్క పాయింట్ న్యాయంగా వచ్చేదే.

నిజంగా పిడికిలి కోసమే రాసినవీ ఉన్నాయి. ఇన్‌సిగ్నియా ఆఫ్ క్లాజ్ అయితే గుద్దులకు ప్లస్ 1 ఇచ్చి వాటిని మ్యాజిక్ దెబ్బలుగా లెక్కిస్తుంది. ఎల్డ్రిచ్ క్లా టాటూ కూడా ఆ పని చేస్తుంది, కాకపోతే అట్యూన్ చేసుకోవాలి, అంటే ఐటమ్‌ని మీ పాత్రకు ముడిపెట్టుకోవాలి. అట్యూన్‌మెంట్ మూడింటికే కాబట్టి ఆలోచించి తీసుకోండి. ఆరో లెవల్‌కి వచ్చాక మాంక్ గుద్దులు వాటంతటవే మ్యాజిక్ అవుతాయి. అంటే మా వాడు ఇంకొక్క లెవల్ ఆగితే ఈ గొడవే ఉండేది కాదు!

డీఎంలు ఒక లెక్క వేసుకోవాలి. ఐదో లెవల్ మాంక్ ఫ్లరీ ఆఫ్ బ్లోస్ (అదనంగా రెండు గుద్దులు) వాడితే ఒక టర్న్‌లో నాలుగు దెబ్బలు. ప్లస్ 1 కర్ర ఇస్తే అందులో మొదటి రెండింటికే లాభం, ఎందుకంటే ఫ్లరీ దెబ్బలు రెండూ ఉత్త చేతులతోనే కొట్టాలి. అదే ప్లస్ 1 పిడికిలికి ఇస్తే నాలుగింటికీ వస్తుంది. చూడటానికి ఒకే అంకె, బరువు మాత్రం రెండింతలు. నేనైతే భయపడకుండా ఇచ్చేస్తాను. ఫైటర్‌కి మ్యాజిక్ కత్తి, కవచం, డాలు అన్నీ దొరుకుతాయి, మాంక్‌కి దొరికేవే తక్కువ.

2024 నియమాలతో ఆడుతుంటే పైన చెప్పిన ఉదాహరణలు కొన్ని తిరగబడతాయి. డివైన్ ఫేవర్ ఇప్పుడు ఆయుధాలతో కొట్టే దెబ్బలకే, డివైన్ స్మైట్ అనే ఇంకో స్పెల్ మాత్రం గుద్దులకూ వస్తుంది. ర్యాప్స్ ఆఫ్ అన్‌ఆర్మ్‌డ్ పవర్ అని ప్లస్ 1 నుంచి ప్లస్ 3 దాకా చేతిపట్టీలే ఇచ్చారు. కాబట్టి టేబుల్ మీద ఏ ఏడాది నియమాలున్నాయో ముందే అడగండి.

సొంతంగా ఐటమ్ తయారుచేస్తే "ఈ గ్లౌజులు ప్లస్ 1 ఆయుధం" అని రాయకండి. అలా రాస్తే అది ఆయుధమై కూర్చుంటుంది, ఫ్లరీకి పనికిరాదు. మరుసటి సెషన్‌కి మా మాంక్ కోసం కార్డు మీద ఇలా రాసిచ్చాను: "ఇవి తొడుక్కుని ఉన్నంతసేపు మీ అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైక్స్‌కి (ఆయుధం లేని దెబ్బలకు) అటాక్‌లోనూ డ్యామేజ్‌లోనూ ప్లస్ 1, ఆ దెబ్బలు మ్యాజిక్‌గా లెక్క." ఫైటర్ కార్డు లాక్కుని చదివి, "మరి కాలితో తన్నితే?" అన్నాడు. తన్నినా, తలతో కుమ్మినా అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైకే, వస్తుందన్నాను. "ఒక గ్లౌజు నాకిచ్చి ఒకటి వాడు వేసుకుంటే?" అన్నాడు. జతగా వచ్చేవి రెండూ ఒకరే వేసుకోవాలి, లేకపోతే ఇద్దరికీ సున్నా.