అంబాసిడర్‌లో పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవడం

కొబ్బరితోటలో రేకుల షెడ్డు కింద ఉండి, నెలకి రెండుసార్లు మాత్రమే బయటికొచ్చే పెట్రోల్ అంబాసిడర్‌కి శ్రావణమాసం వచ్చేసరికి ఒక జబ్బు పట్టుకుంటుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. ప్లగ్గులకి కరెంటు పంచే డబ్బా డిస్ట్రిబ్యూటర్. అందులో తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటుని తెంపే రెండు లోహపు ముక్కలే పాయింట్లు. తడిగాలికి ఆ పాయింట్ల మీద పల్చటి పొర కట్టడమే దీనికి కారణం. సముద్రానికి దగ్గరగా, అంతర్వేది, ఓడలరేవు వైపు ఇది ఇంకా త్వరగా వస్తుంది. గరుకు కాగితం ముక్క మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే బండి అందుకుంటుంది, పదిహేను రోజులకి మళ్లీ మామూలే.

రోజూ తిరిగే బండికి ఇంకో బాధ. పాయింటు మడమ, దాన్ని తిరుగుతూ తెరిచే కామ్ మీద రాసుకుని అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. 0.38 మి.మీ. ఉండాల్సింది 0.25కి పడితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్, అంటే ప్లగ్గు మెరిసే వేళ, వెనక్కి పోతుంది, పికప్ చచ్చిపోతుంది.

ఎలక్ట్రానిక్ కిట్‌లో రాసుకునే భాగమే లేదు. కామ్ మీద ఒక అయస్కాంతపు రింగు కూర్చుంటుంది, పాయింట్లున్న చోట చిన్న మాడ్యూల్ వస్తుంది. ప్లగ్గులకి పెద్ద వోల్టేజి ఇచ్చే కాయిల్ కరెంటు తెంపే పని మాడ్యూల్‌ది. డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకీ కరెంటు అందించే రోటర్, మూత, టైమింగ్ ముందుకి జరిపే లోపలి బరువులు, వాక్యూమ్ డబ్బా అన్నీ పాతవే. పవర్ పెరుగుతుందని అమ్మేవాళ్లు చెబుతారు కానీ, కాయిల్ మారనప్పుడు పెరిగేదేమీ ఉండదు. ప్లగ్గు గ్యాప్ కూడా 0.6 మి.మీ. దగ్గరే ఉంచండి.

కిట్ కొనేముందు డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద నంబరు రాసుకోండి. పాత 1489 సీసీ ఇంజన్‌కీ, తర్వాత వచ్చిన 1800 ఇసుజుకీ ఒకే కిట్ సరిపోదు. బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసిందో కూడా చూసుకోండి. బాగా పాత బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, దానికి కిట్ వేరు. తారుమారైతే మాడ్యూల్ కీ తిప్పిన క్షణంలోనే పోతుంది.

బిగించడం అరగంట పనే. అసలు పనంతా దానికి ముందు ఉంది.

మూత, రోటర్ తీసి షాఫ్ట్‌ని వేళ్లతో పక్కకి ఊపండి. కదలిక చేతికి తెలిసేంత ఉంటే ముందు బుష్ వేయించాలి. తర్వాత షాఫ్ట్ కొసని రోటర్ తిరిగే వైపుకి తిప్పి వదలండి, స్ప్రింగులు దాన్ని వెంటనే వెనక్కి లాగాలి. బద్ధకంగా వచ్చినా, రాకపోయినా అడుగున బరువులు తుప్పుపట్టినట్టే. వాక్యూమ్ గొట్టం ఊడదీసి నోటితో పీల్చండి. లోపలి ప్లేటు కదిలి, నాలుకతో గొట్టం మూసినంతసేపూ అలాగే నిలవాలి. ప్లేటు వెనక్కి వచ్చేస్తే వాక్యూమ్ డబ్బాలోని పల్చటి పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే.

ఆ కదిలే ప్లేటు నుంచి బాడీకి నూలుదారంలా అల్లిన చిన్న ఎర్త్ వైరు ఒకటి ఉంటుంది. దాని కోసం ప్రత్యేకంగా వెతకండి. సగం తెగి నాలుగు పోగుల మీద వేలాడుతున్నా పాయింట్లతో బండి ఎలాగోలా నడిచిపోతుంది, మాడ్యూల్ ఊరుకోదు. కిట్ పెట్టాక అప్పుడప్పుడూ మిస్ కొడుతోందనే బండ్లలో మొదట చూడాల్సింది ఈ వైరే. మెత్తటి, సన్నటి పోగుల వైరుతో కొత్తది వేయండి. మందపాటిది వేస్తే ప్లేటు కదలదు.

ఇక మీటరు పని. కాయిల్ వైర్లు రెండూ తీసి ప్లస్, మైనస్‌ల మధ్య ఓంలు చూడండి. ముందు మీటరు ముల్లులు రెండూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన 0.2 లేదా 0.3ని లెక్కలోంచి తీసేయాలి. 3 ఓంల దగ్గర ఉంటే మామూలు కాయిల్, నిశ్చింతగా వాడుకోవచ్చు. 1.5 దగ్గర ఉంటే బాలాస్ట్ కాయిల్, అంటే కరెంటు తగ్గించే బాలాస్ట్ అనే రెసిస్టర్‌తో కలిపి వాడేది. దానికి తగిన కిట్టో కాదో కిట్‌తో వచ్చిన కాగితంలో చూడండి. 1.5 కంటే తక్కువ కాయిల్‌తో చాలా మాడ్యూళ్లు కాలిపోతాయి.

వైర్లు మళ్లీ పెట్టి, పాయింట్లు మూసుకుని ఉండగా కీ ఆన్ చేసి కాయిల్ ప్లస్ దగ్గర వోల్టులు చూడండి. బ్యాటరీకి దగ్గరగా వస్తే సరే. 6, 7 వోల్టులే వస్తే దారిలో ఎక్కడో బాలాస్ట్ ఉంది. పాయింట్లు తెరుచుకుని ఉంటే మాత్రం బాలాస్ట్ ఉన్నా 12 చూపిస్తుంది, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. వైరు రంగుని నమ్మకండి. ఇన్నేళ్లలో ఎవరు ఏ రంగు ముక్క అతికించారో చెప్పలేం.

ఇప్పుడు బిగింపు. బ్యాటరీ వైరు తీయండి. నాలుగో గేరులో వేసి బండిని మెల్లగా తోస్తూ, రోటర్ ఒకటో నంబరు ప్లగ్గు వైరుకి ఎదురుగా, పుల్లీ గుర్తు ముల్లుకి ఎదురుగా వచ్చేదాకా తేవాలి. రేడియేటర్ వైపుది ఒకటో సిలిండర్, ఫైరింగ్ వరుస 1-3-4-2. పుల్లీ గుర్తు మీద సున్నపు చుక్క పెడితే తర్వాత లైటులో కనిపిస్తుంది.

పాయింట్లు, కండెన్సర్ రెండూ తీసేయండి. కండెన్సర్ ఉంచితే మాడ్యూల్ పని పాడవుతుంది. ప్లేటుని పెట్రోల్‌తో తుడిచి ఆరబెట్టి, మాడ్యూల్ అడుగున కిట్‌తో వచ్చిన పేస్టు పల్చగా రాసి బిగించండి. అయస్కాంతపు రింగుని కామ్ మీద చివరికంటా నొక్కాలి. ఒక మిల్లీమీటరు పైన ఆగినా రోటర్ ఎత్తుగా కూర్చుని మూతని గీకుతుంది. మూత లోపల నల్లటి పొడి కనబడితే అదే సంగతి. రింగుకీ మాడ్యూల్‌కీ మధ్య సందు కాగితంలో చెప్పినంత, గ్యాప్ కొలిచే ఇనుప రేకు (ఫీలర్) కాకుండా కిట్‌లోని ప్లాస్టిక్ ముక్కతోనే చూడండి. వైర్లు ప్లేటు కదలడానికి కాస్త వదులుగా, తిరిగే భాగానికి తగలకుండా రబ్బరు బుష్ గుండా బయటికి రావాలి.

నల్ల వైరు కాయిల్ మైనస్‌కి. ఎర్ర వైరు ఇగ్నిషన్ కరెంటుకి. బాలాస్ట్ ఉన్న బండిలో ఎర్రది బాలాస్ట్‌కి ముందే కలపాలి, కాయిల్ ప్లస్‌కి కాదు. రాగి తీగ ప్లగ్గు వైర్లుంటే కార్బన్ వైర్లు వేయండి, లేకపోతే ఆ గోలకి మాడ్యూల్ తికమక పడుతుంది. వానకి ప్లగ్గు టోపీల లోపల సిలికాన్ గ్రీజు కొంచెం రాయడం మంచిది.

బండి స్టార్టయింది కదా అని వదిలేయకండి. పాయింట్లు తెరుచుకునే చోటూ, మాడ్యూల్ తెంపే చోటూ ఒకటి కావు, టైమింగ్ తప్పక మారి ఉంటుంది. ఇంజన్ వేడెక్కాక వాక్యూమ్ గొట్టం తీసి మూసి, స్లో మీద టైమింగ్ లైటు కొట్టి పుస్తకంలోని డిగ్రీలకి తెచ్చుకోండి. పాత 1489 సీసీ ఇంజన్‌లో రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది, కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ని ముల్లు తిరిగే వైపుకి తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది. తర్వాత రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన మీదికి టాప్ గేరులో ఎక్కించి చూడండి. ఎక్సలేటర్ నొక్కినప్పుడు గచ్చకాయలు గిలక్కొట్టినట్టు చప్పుడొస్తే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి పెట్టాలి.

మాడ్యూళ్లని ఎక్కువగా చంపేవి రెండు. ఒకటి, రెగ్యులేటర్ పాడై ఛార్జింగ్ 15 వోల్టులు దాటడం. రెండోది పెళ్లి బండ్ల జబ్బు: ఇంజన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి విడిదింటి ముందు గంటసేపు పాటలు వేయడం. కాయిల్ కుతకుతలాడుతుంది, మాడ్యూల్ మాడుతుంది. స్టీరియోకి వేరే లైను ఇచ్చేయండి.

పాయింట్లు పోయేముందు నాలుగు రోజులు సణుగుతాయి, మాడ్యూల్ ఒక్కసారిగా ఆగిపోతుంది. అందుకే తీసిన పాయింట్లు, కండెన్సర్, ఒక స్క్రూడ్రైవర్, 0.38 ఫీలర్ ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నాలుగు బియ్యపు గింజలు కూడా పడేసి డిక్కీలో పెట్టండి.