పాత బాయిలర్ స్థానంలో హీట్ పంప్: ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ దరఖాస్తు విధానం

ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో ఇల్లు కొనుక్కుని స్థిరపడిన తెలుగు కుటుంబాలకు బాయిలర్ సంగతి సాధారణంగా అది ఆగిపోయిన రోజునే గుర్తుకు వస్తుంది. మా ఇంట్లోనూ అదే జరిగింది. వంటింటి అల్మరాలో ఉన్న కాంబీ బాయిలర్‌లో (ట్యాంకు లేకుండా అప్పటికప్పుడే వేడినీళ్లు ఇచ్చే రకం) ప్రెషర్ తరచూ పడిపోతుంటే, కింది కుళాయి తిప్పి నీళ్లు నింపి ముల్లును మళ్లీ ఒకటి దాటించి, రెండు చలికాలాలు నెట్టుకొచ్చాము. మూడో ఏడాది జనవరిలో ఒక ఉదయం ఆ ముల్లు సున్నా దగ్గరే ఉండిపోయింది. ఊరి నుంచి వచ్చిన అత్తగారు, మామగారు స్వెట్టర్ల మీద శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. కెటిల్‌లో నీళ్లు కాచి, బకెట్‌లో చన్నీళ్లతో కలిపి స్నానాలు కానిచ్చాము. ఆ పరిస్థితిలో ఎవరు ముందు దొరికితే వారిని పిలిచి, ఉన్న రకం గ్యాస్ బాయిలర్‌నే మళ్లీ పెట్టించాము. గాలి నుంచో భూమి నుంచో వేడిని తీసుకుని కరెంటుతో నడిచే హీట్ పంప్ పెట్టించుకుంటే 7,500 పౌండ్ల ప్రభుత్వ సాయం ఉందని అప్పటికే విన్నాము గానీ, దాని కోసం వారాల తరబడి ఆగే వీలు ఆ ఇంట్లో ఆ రోజు లేదు. తర్వాత రెడింగ్‌లో ఉంటున్న మా తమ్ముడి ఇంటికి ఈ దరఖాస్తును మొదటి నుంచి చివరి దాకా దగ్గరుండి చూశాను. కాబట్టి ముందుగా చెప్పదలచుకున్నది ఇదే: బాయిలర్‌కు పన్నెండు, పదిహేనేళ్లు దాటినట్లయితే, అది పని చేస్తూ ఉండగానే, వీలైతే వేసవిలోనే, ఈ ప్రక్రియ మొదలుపెట్టాలి.

పథకం స్వరూపం

బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ అనే పేరును బట్టి కొత్త గ్యాస్ బాయిలర్‌కు డబ్బు ఇస్తారని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. గ్యాస్, ఆయిల్, ఎల్‌పీజీ వంటి ఇంధనాలతో నడిచే వ్యవస్థను గానీ, సాధారణ ఎలక్ట్రిక్ హీటర్లను గానీ తీసివేసి, వాటి స్థానంలో హీట్ పంప్ పెట్టుకునే ఇంటి యజమానికి ఇచ్చే సాయం ఇది. 2022లో మొదలైన ఈ పథకాన్ని ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నిర్వహిస్తోంది. గాలి నుంచి వేడిని తీసుకుని రేడియేటర్ల నీటిని కాచే పంపులకు మొదట 5,000 పౌండ్లు, భూమి నుంచి వేడిని తీసుకునే పంపులకు 6,000 పౌండ్లు ఇచ్చేవారు. 2023 అక్టోబర్ 23 నుంచి రెండింటికీ 7,500 పౌండ్లు చేశారు. గ్యాస్ లైను లేని పల్లె ప్రాంతాల ఇళ్లకు మాత్రమే వర్తించే బయోమాస్ బాయిలర్ సాయం 5,000 పౌండ్లు. ఈ పథకానికి ఆదాయ పరిమితి లేదు. స్కాట్లాండ్‌లో గ్రాంటు, వడ్డీ లేని రుణం కలిపి ఇచ్చే వేరే పథకం ఉంది. ఉత్తర ఐర్లాండ్ దీని పరిధిలోకి రాదు. కింద చెప్పేవన్నీ 2025లో అమలులో ఉన్న నియమాలు. ఒప్పందం చేసుకునే ముందు ఆఫ్‌జెమ్ వెబ్‌సైట్‌లో వాటిని మరొకసారి సరిచూసుకోవడం అవసరం.

ఎవరు అర్హులు

ఇల్లు మీ పేరున ఉండాలి. మీరు నివసించే ఇల్లయినా, అద్దెకు ఇచ్చిన ఇల్లయినా యజమాని అర్హులే. అద్దెకున్నవారు తమంతట తాముగా దరఖాస్తు చేయించలేరు, యజమానిని ఒప్పించవలసిందే. బిల్డర్ కట్టి అమ్మే కొత్త ఇళ్లకు, సామాజిక గృహాలకు ఈ సాయం లేదు. సొంతంగా కట్టించుకున్న కొత్త ఇంటికి ఉంది. ఆ ఇంటికి హీట్ పంప్ కోసం గతంలో ప్రభుత్వ సాయం తీసుకుని ఉండకూడదు. గ్యాస్ బాయిలర్‌ను కూడా ఉంచుకుని దానికి తోడుగా పంపు పెట్టుకునే హైబ్రిడ్ ఏర్పాటుకు డబ్బు రాదు. ఇంటిని వెచ్చబరచడం, నీళ్లు కాచడం రెండూ కొత్త వ్యవస్థే పూర్తిగా చూసుకోవాలి.

ఇంటికి చెల్లుబాటులో ఉన్న ఎనర్జీ పెర్ఫార్మెన్స్ సర్టిఫికెట్, అంటే అందరూ ఈపీసీ అనే పత్రం ఉండాలి. ఇది పదేళ్ల పాటు చెల్లుతుంది. ఇల్లు కొన్నప్పుడు అమ్మినవారు ఇచ్చే ఉంటారు. కాగితం కనిపించకపోయినా ప్రభుత్వ రిజిస్టర్‌లో పోస్ట్‌కోడ్‌తో వెతికితే ఉచితంగా దొరుకుతుంది. గడువు తీరిపోయి ఉంటే అసెసర్‌ను పిలిచి కొత్తది చేయించుకోవాలి. అటకకు, గోడలకు ఇన్సులేషన్ వేయాలని ఈపీసీలో సిఫారసు ఉంటే ముందు ఆ పని పూర్తి చేయాలన్న నిబంధనను 2024 మే నెలలో ఎత్తివేశారు. నిబంధన పోయినా, అటక ఇన్సులేషన్ పలుచగా ఉంటే ముందు దాన్ని వేయించడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే బయటికి పోయే వేడి తగ్గిన మేరకు చిన్న పంపు సరిపోతుంది.

లీజ్‌హోల్డ్ ఫ్లాట్ అయితే ఫ్రీహోల్డర్ (భవనానికి, స్థలానికి అసలు యజమాని) రాతపూర్వక అనుమతి లేకుండా ముందుకు వెళ్లకూడదు. ఇంగ్లండ్‌లో 2025 మే 29 నుంచి హీట్ పంప్ బయటి యూనిట్ పక్కింటి సరిహద్దుకు మీటరు దూరంలో ఉండాలన్న ప్లానింగ్ నిబంధన తొలగిపోయింది కాబట్టి, ఇరుకు పెరడుతో, గోడలు కలిసి వరుసగా ఉండే టెర్రస్ ఇళ్లకు వీలు పెరిగింది. శబ్దానికి సంబంధించిన పరిమితి మాత్రం అలాగే ఉంది. చారిత్రక భవనాల జాబితాలోని ఇళ్ల యజమానులు, పరిరక్షణ ప్రాంతాలలో ఉన్నవారు కౌన్సిల్‌ను ముందే అడగాలి.

ఇన్‌స్టాలర్ ఎంపిక, ఇంటి సర్వే

ఈ పథకంలో దరఖాస్తు చేసేది ఇంటి యజమాని కాదు, పంపును అమర్చే ఇన్‌స్టాలర్. అందువల్ల సరైన ఇన్‌స్టాలర్ దొరికితే దరఖాస్తు సగం అయినట్లే. అతనికి ఎంసీఎస్ (హీట్ పంపుల వంటివి అమర్చేవారిని ధ్రువీకరించే సంస్థ) గుర్తింపు ఉండాలి. ఎంసీఎస్ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ ఇస్తే దగ్గరలో ఉన్నవారి వివరాలు వస్తాయి. వాట్సాప్ గ్రూపులలో ఎవరో పంపిన నంబరుకు ఫోన్ చేసే ముందు ఆ పేరును ఈ జాబితాలో చూడండి. గ్రాంటు ఇప్పిస్తామని మీ వద్ద విడిగా దరఖాస్తు రుసుము అడిగేవారికి డబ్బు ఇవ్వవద్దు. ఆఫ్‌జెమ్ ఇంటి యజమాని వద్ద ఎటువంటి రుసుమూ తీసుకోదు.

కనీసం ముగ్గురి వద్ద కొటేషన్లు తీసుకోవాలి. వారిలో గదిగదికీ వేడి నష్టం లెక్క కట్టేవారినే నమ్మాలి. తమ్ముడి ఇంటికి వచ్చిన మొదటి వ్యక్తి హాలులో నిలబడి, ఎన్ని బెడ్‌రూములని అడిగి, పది నిమిషాలలో పంపు సైజు చెప్పి వెళ్లిపోయాడు. రెండో ఆమె దాదాపు మూడు గంటలు ఉండి, ప్రతి కిటికీని కొలిచి, రేడియేటర్ల పొడవు, మందం రాసుకుని, అటక ఎక్కి ఇన్సులేషన్‌లో స్కేలు గుచ్చి చూసి, ఆ తర్వాత మెట్ల పైన ఉన్న అల్మరా తెరవమన్నారు. కాంబీ బాయిలర్ పెట్టినప్పుడు ఆ అల్మరాలోని పాత వేడినీళ్ల ట్యాంకును తీసివేశారు. ఇప్పుడు అందులో బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు, ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు పై దాకా పేర్చి ఉన్నాయి. హీట్ పంప్‌కు వేడినీళ్ల సిలిండర్ తప్పనిసరి కాబట్టి, ఆ అల్మరాను మళ్లీ ఖాళీ చేయవలసి వచ్చింది.

సిలిండర్ సైజు విషయంలో మన ఇళ్ల అలవాట్లు తప్పక చెప్పాలి. ఏటా నాలుగైదు నెలలు తల్లిదండ్రులు వచ్చి ఉంటారనీ, అందరూ తెల్లవారే స్నానాలు చేస్తారనీ చెప్పకపోతే, ఇన్‌స్టాలర్ కాగితం మీద ఉన్న నలుగురికే లెక్క కడతారు. ఆరుగురికి సరిపోయే సిలిండర్‌కు అయ్యే అదనపు ఖర్చు, తర్వాత దాన్ని మార్చే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

మీ ఇల్లు పంపుకు సరిపోతుందో లేదో మీరే ఒక వారం పరీక్షించుకోవచ్చు. గ్యాస్ బాయిలర్‌లో రేడియేటర్లకు వెళ్లే నీటి వేడి తరచు 70 డిగ్రీల దగ్గర ఉంటుంది. బాగా చలిగా ఉన్న వారంలో దాన్ని 50 డిగ్రీలకు తగ్గించి, హీటింగ్‌ను ఎక్కువ గంటలు వేసి ఉంచండి. ఇల్లు వెచ్చగానే ఉంటే ఉన్న రేడియేటర్లే సరిపోయే అవకాశం ఎక్కువ. ఏ గది చల్లబడితే ఆ గదిలో పెద్దది వేయించుకోవలసి రావచ్చు.

ఖర్చు లెక్క

గాలి పంపు, సిలిండర్, కొన్ని రేడియేటర్లు, పని కలిపి సుమారు 13,000 పౌండ్లు అవుతుందనుకుంటే, గ్రాంటు పోగా మీరు చెల్లించేది 5,500. హీట్ పంప్ అమరికపై గ్రేట్ బ్రిటన్‌లో 2027 మార్చి 31 వరకు వ్యాట్ సున్నా శాతం. కొటేషన్‌లో వ్యాట్ వేసి ఉంటే అడగండి.

నడిపే ఖర్చును నిజాయితీగా చూడాలి. ఏడాదికి 12,000 యూనిట్ల వేడి కావలసిన ఇంటిలో, గ్యాస్ యూనిట్ 6.5 పెన్స్, కరెంటు యూనిట్ 26 పెన్స్ అనుకుందాం. 90 శాతం సామర్థ్యం గల గ్యాస్ బాయిలర్‌కు సుమారు 867 పౌండ్లు అవుతుంది. ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడిని ఇచ్చే పంపుకు 1,040 పౌండ్లు, నాలుగు యూనిట్లు ఇచ్చే పంపుకు 780 పౌండ్లు అవుతుంది. గ్యాస్ కనెక్షన్‌ను పూర్తిగా తీసివేస్తే వాడినా వాడకపోయినా పడే రోజువారీ స్టాండింగ్ ఛార్జీ కూడా మిగులుతుంది గానీ, వంట గ్యాస్ పొయ్యి మీదే చేస్తామంటే ఆ ఆదా ఉండదు. పథకం కోరే కనీస సామర్థ్యం, అంటే ఒక యూనిట్ కరెంటుకు వచ్చే వేడి, 2.8 యూనిట్లు మాత్రమే. కాబట్టి కొటేషన్‌లో ఆ అంకె ఎంత అని, ఎన్ని డిగ్రీల నీటికి లెక్క కట్టారని రాతపూర్వకంగా అడగాలి.

వోచర్ దరఖాస్తు

కొటేషన్‌ను మీరు అంగీకరించిన తర్వాత, ఇన్‌స్టాలర్ ఆఫ్‌జెమ్‌కు వోచర్ (గ్రాంటు మంజూరు పత్రం) కోసం దరఖాస్తు పెడతారు. ఇంటి చిరునామా, మీ పేరు, ఈమెయిల్, ఈపీసీ వివరాలు, కొటేషన్, తీసివేయబోయే పాత వ్యవస్థ వివరాలు ఇందులో ఉంటాయి. తర్వాత ఆఫ్‌జెమ్ నేరుగా మిమ్మల్ని సంప్రదించి, ఆ ఇన్‌స్టాలర్ మీ తరఫున దరఖాస్తు చేస్తున్నది నిజమేనా అని అడుగుతుంది. యజమాని తప్పక చేయవలసిన పని ఇదొక్కటే. దీనికి గడువు ఉంటుంది, సమాధానం ఇవ్వకపోతే దరఖాస్తు ముందుకు సాగదు. తమ్ముడి విషయంలో ఆ ఈమెయిల్ స్పామ్‌లో పడి ఆరు రోజులు ఉండిపోయింది. ఇల్లు భార్యాభర్తల పేరున ఉంటే ఎవరి ఈమెయిల్ ఇచ్చారో గుర్తుంచుకుని, ప్రతిరోజూ స్పామ్ కూడా చూడండి.

మంజూరైన వోచర్ గాలి పంపుకు మూడు నెలలు, భూమి పంపుకు ఆరు నెలలు చెల్లుతుంది. ఆ లోపల పని పూర్తయి, డబ్బు కోసం ఇన్‌స్టాలర్ వోచర్ సమర్పించాలి. వోచర్ రాకముందే పాత బాయిలర్‌ను పీకించవద్దు. గ్రాంటు మీ ఖాతాకు రాదు, ఇన్‌స్టాలర్‌కు వెళుతుంది. మీ బిల్లులో అంత మేరకు తగ్గి ఉండాలి. ఏ కారణంచేతనైనా వోచర్ తిరస్కరణకు గురైతే ఆ 7,500 పౌండ్లు ఎవరు భరించాలనేది ఒప్పందంలో ఉందా అన్నది సంతకానికి ముందే చదువుకోవాలి. స్థానిక విద్యుత్ నెట్‌వర్క్‌కు తెలియజేయడం ఇన్‌స్టాలర్ బాధ్యత. ఇంటి మెయిన్ ఫ్యూజ్ చిన్నదైతే మార్చడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

గ్యాస్ బాయిలరే వేసుకోవాలని నిర్ణయిస్తే

చోటు లేని ఫ్లాట్‌కు, త్వరలో అమ్మబోయే ఇంటికి ఇది సరైన నిర్ణయమే కావచ్చు. అప్పుడు గ్రాంటు లేదు, దరఖాస్తూ లేదు. గ్యాస్ పనికి చట్టప్రకారం అనుమతి ఉన్నవారి జాబితా అయిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజనీర్‌తోనే చేయించాలి; వచ్చినప్పుడు కార్డు చూపమని అడగడంలో తప్పేమీ లేదు. ఇంగ్లండ్‌లో 2018 నుంచి కొత్త బాయిలర్ సామర్థ్యం కనీసం 92 శాతం ఉండాలి. ఒకే బాత్రూము ఉన్న ఇంటికి కాంబీ చాలు. రెండు షవర్లు ఒకేసారి నడిచే ఇంటికి సిలిండర్‌తో కూడిన సిస్టమ్ బాయిలర్ మేలు.

పని ముగిసిన తర్వాత

ఎంసీఎస్ సర్టిఫికెట్, బిల్డింగ్ రెగ్యులేషన్స్ పత్రం, వారంటీ, వేడి నష్టం లెక్క, ఇన్‌స్టాలర్ నమోదు చేసిన సెట్టింగులు అన్నీ అప్పగించిన తర్వాతే చివరి వాయిదా చెల్లించండి. ఆఫ్‌జెమ్ తనిఖీకి రావచ్చు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి సొలిసిటర్ కూడా ఈ పత్రాలనే అడుగుతారు. కంట్రోలర్‌లో నీటి వేడిని ఎంతకు పెట్టారో ఇన్‌స్టాలర్ ఎదుటే ఫోటో తీసుకుని, ఆ ఫైలులోనే ఉంచండి.