ఇనుప హెల్మెట్ నెత్తికెత్తుకునే ముందు

ఈస్టర్ దాటిందంటే ఇంగ్లండ్‌లో రీఎనాక్ట్‌మెంట్ సీజన్ మొదలైనట్టే. కోటల ముందు, పాత మఠాల వెనక పచ్చిక మైదానాల్లో జనం వెయ్యేళ్ల కిందటి బట్టలు కట్టుకుని, పదును లేని కత్తులతో పాత యుద్ధాలను మళ్లీ ఆడి చూపిస్తారు. మా బృందానికి సీజన్ అక్టోబరులో బ్యాటిల్ అనే ఊళ్లో ముగుస్తుంది. 1066 అక్టోబరు 14న ఇంగ్లండ్ రాజు హెరాల్డ్ సేన, ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియమ్ సేన తలపడ్డ వాలు అక్కడే ఉంది. దాన్ని హేస్టింగ్స్ యుద్ధం అంటారు కానీ హేస్టింగ్స్ ఊరు అక్కడికి పది కిలోమీటర్ల దూరం.

బృందంలో నాతో కలిపి ముగ్గురు తెలుగువాళ్లం. ఈ ఏడాది ఇంకో ఇద్దరు తమ్ముళ్లు చేరుతున్నారు. ఇద్దరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, హెల్మెట్ ఏది కొనమంటావు?" కొనడం సంగతి తర్వాత. ముందు ఒకటి చెప్పాలి. తలని కాపాడేది ఇనుము ఒక్కటే అనుకుంటాం. నిజానికి సగం పని చేసేది ఇనుముకీ తలకీ మధ్య ఉన్న ఖాళీ. ఆ ఖాళీ సరిగా లేకపోతే ఎంత మందపు రేకైనా నెత్తిన బోర్లించుకున్న గిన్నెతో సమానం.

ఇది నాకు ముక్కు పగిలాక తెలిసింది. మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో ఒక నార్మన్ హెల్మెట్, అంటే విలియమ్ సేన పెట్టుకున్న రకం, తెప్పించుకున్నాను. శంకువు ఆకారంలో కొన తేలి, ముందు ముక్కు మీదికి ఒక పట్టీ దిగి ఉంటుందే, అది. పెట్టె మీద చూస్తే మేడ్ ఇన్ ఇండియా! ఇక్కడివాళ్లు వాడే హెల్మెట్లలో చాలా భాగం మీరట్, డెహ్రాడూన్ వైపు కార్ఖానాల్లోనే తయారవుతాయని అప్పటిదాకా నాకు తెలియదు. మనవాళ్లు చేసిందే కదా అని మురిసిపోయి నేరుగా ప్రాక్టీసుకి పెట్టుకెళ్లాను. పక్కవాడి బల్లెం కర్ర జారి వెనక నుంచి నెత్తిన తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కానీ గడ్డం కింద స్ట్రాప్ వదులుగా ఉండటంతో హెల్మెట్ మొత్తం ముందుకి వాలి, ఆ పట్టీ నా ముక్కు దూలం మీద దిగింది. ముక్కు విరగలేదు గానీ, రెండు వారాలు ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆఫ్. తప్పు హెల్మెట్ తయారుచేసినవాడిది కాదు. అది గోడకి తగిలించుకునే రకమని వాళ్లు స్పష్టంగానే రాశారు. చదవనిది నేను.

కాబట్టి కొనేటప్పుడు అక్షరం అక్షరం చదవండి. "వేరబుల్" అంటే తలకి పడుతుందని మాత్రమే, దెబ్బ ఆపుతుందని కాదు. "బ్యాటిల్ రెడీ" అనే మాటని ఎవరైనా రాసుకోవచ్చు, మన బైకు హెల్మెట్ మీద ఐఎస్ఐ మార్కులా దీనికి ముద్ర వేసేవాళ్లెవరూ లేరు. అడగాల్సింది రేకు మందం. గేజ్ లెక్కలో అంకె తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది: 18 గేజ్ అంటే 1.2 మిల్లీమీటర్లు, 16 గేజ్ అంటే సుమారు ఒకటిన్నర, 14 గేజ్ అంటే దాదాపు రెండు. మా బృందంలో 16 కన్నా పలచనిది మైదానంలోకి రానివ్వరు. మీ బృందం నియమం ఏమిటో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

వచ్చాక అంచు దగ్గర కొలిచి ఊరుకోవద్దు. ఇంటర్‌లో ఫిజిక్స్ ల్యాబ్‌లో పట్టుకున్న వెర్నియర్ కాలిపర్స్ అంచు మందం చెప్తుంది, అంతే. రేకుని సుత్తితో సాగదీసి గుమ్మటంగా మలిచేటప్పుడు నడినెత్తిన పలచబడుతుంది, దెబ్బ పడేదేమో అక్కడే. బొటనవేళ్లు రెండూ ఆనించి గట్టిగా నొక్కండి. నూనె డబ్బా అడుగులా టప్పున లోపలికి పోయి మళ్లీ పైకొస్తే అది షోకేసుకే. వంటింటి త్రాసు మీద కూడా పెట్టి చూడండి. నా మొదటిది కిలో మూడొందల గ్రాములు, ఇప్పుడు వాడేది రెండు కిలోల పైనే. అతుకులు ఉన్నచోట లోపల వెల్డింగ్ నిండుగా ఉందో, పైపైన చుక్కలు పెట్టి గ్రైండ్ చేశారో టార్చి వేసి చూడాలి.

కొమ్ముల హెల్మెట్ మాత్రం వద్దు. వైకింగులు, అంటే ఆ కాలపు ఉత్తర ఐరోపా సముద్ర యోధులు, అలాంటివి పెట్టుకుని యుద్ధానికి వెళ్లారనడానికి ఆధారం లేదు. ఆ బొమ్మ జనం మనసులో నాటుకుపోయింది 19వ శతాబ్దపు జర్మన్ ఒపెరా వేషాల వల్ల. 1943లో నార్వేలోని యెర్ముండ్‌బూలో దొరికిన వైకింగు హెల్మెట్‌కి కళ్లజోడు లాంటి కవచం ఉంది గానీ కొమ్ములు లేవు. చరిత్ర సంగతి అలా ఉంచినా, కొమ్ముకి కత్తి తగిలితే జారిపోవాల్సిన దెబ్బ అక్కడే పట్టుకుంటుంది, మెడ తిరుగుతుంది. నార్మన్లది కొన తేలి ఉంటుంది కాబట్టి దెబ్బ పక్కకి జారుతుంది.

సైజు దగ్గర మనవాళ్లు చేసే పొరపాటు, తల చుట్టుకొలత ఎంతో అంతే ఆర్డర్ ఇవ్వడం. నా తల 57 సెంటీమీటర్లు. హెల్మెట్ లోపలి కొలత 63. ఆ తేడాలో లోపలి తోలు పట్టీలు, మెత్తటి టోపీ ఇమడాలి. ఇంకో చిక్కు ఉంది. మనిషి తల కోడిగుడ్డులా ముందు వెనకలకి పొడుగ్గా ఉంటుంది, చవక హెల్మెట్లు కుండలా గుండ్రంగా ఉంటాయి. నుదుటి మీద, వెనక ఎముక మీద నొక్కుతూ చెవుల దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు ఉంటే మీకు వచ్చింది కుండే. కొంచెమైతే పక్కల్లో ఉన్ని పెట్టి సరిచేయొచ్చు. మరీ తేడా ఉంటే వాపసు పంపడమే మేలు, తలని మార్చుకోలేం కదా.

ఇక లోపలి అమరిక. మంచి హెల్మెట్ లోపల అంచు చుట్టూ రివెట్లతో బిగించిన తోలు పట్టీలు పైకి లేచి, నడినెత్తి దగ్గర ఒక తాడుతో ముడిపడి ఉంటాయి. ఆ తాడు బిగిస్తే హెల్మెట్ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. నెత్తికీ రేకుకీ మధ్య రెండు సెంటీమీటర్లైనా ఖాళీ మిగిలేలా ముడి వేసుకోవాలి. దీని కింద ఉన్ని కూరి కుట్టిన నారబట్ట టోపీ తప్పనిసరి. ఎండగా ఉందని ఆ టోపీ తీసేసి ఉత్త హెల్మెట్ పెట్టుకునే వీరులు ప్రతి ఏడాదీ కనిపిస్తారు.

ఖాళీ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మా ఇంట్లో ఒక పరీక్ష ఉంది. ప్రతి మార్చిలో టోపీ, హెల్మెట్, స్ట్రాప్ అన్నీ బిగించుకుని వంటింట్లో స్టూలు మీద కూర్చుంటాను. మా ఆవిడ చపాతీ కర్ర తీసుకుని నెత్తిన, నుదుటి పైన, రెండు పక్కలా, వెనకా ఒక్కోటి తడుతుంది. మెల్లగానే లెండి, ఏడాది కోపం అంతా అందులో చూపించకూడదని ముందే ఒప్పందం. దెబ్బ తలంతా పరుచుకున్నట్టు మెత్తగా తెలిస్తే బాగున్నట్టు. ఎక్కడైనా ఒక్క బిందువు దగ్గర కటుక్కుమంటే అక్కడ రేకో, రివెట్టు తలో తలకి ఆనుతోందన్నమాట. పోయినసారి ఎడమ చెవి పైన అలా తగిలింది. విప్పి చూస్తే తోలు పట్టీ ఒకటి రివెట్టు దగ్గర చినిగి వేలాడుతోంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియలేదు.

తర్వాత స్ట్రాప్. ఒక్కో పక్క ఒక్క చోటే బిగించిన స్ట్రాప్ హెల్మెట్‌ని ముందుకీ వెనక్కీ ఊగనిస్తుంది, నా ముక్కుని దెబ్బతీసింది అదే. చెవికి ముందొకటి, వెనకొకటి బిగించి, రెండూ గడ్డం కింద కలిసేలా ఉండాలి. స్ట్రాప్ పెట్టుకుని, వెనక అంచు కింద అరచెయ్యి పెట్టి ముందుకి తోయండి. పట్టీ ముక్కుని తాకిందంటే ఇంకా పని ఉంది. మామూలుగా నిలబడ్డప్పుడు ముక్కుకీ పట్టీకీ మధ్య వేలు అడ్డంగా దూరేంత సందు ఉండాలి. బకిల్ ఒంటిచేత్తో విప్పగలిగేలా ఉండాలి, అది ఎలా విప్పాలో పక్కన నిలబడే ఇద్దరికి చూపించి పెట్టండి. మీరు స్పృహలో లేనప్పుడు విప్పాల్సింది వాళ్లే.

అంచులకి దూది పరీక్ష చాలు. చిన్న దూది ఉండ తీసుకుని అంచు చుట్టూ, ముక్కుపట్టీ కొసన, రివెట్ల మీద రాయండి. పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ కంటికి కనిపించని ముల్లు లేచి ఉంది. ఆకురాయితో రెండు రాపిళ్లు రాస్తే పోతుంది. ప్రతి షో తర్వాత కూడా ఇది చెయ్యాలి, ఎందుకంటే కత్తి తగిలిన ప్రతిచోటా కొత్త ముల్లు లేస్తుంది.

తుప్పు గురించి ఎక్కువ చెప్పను. కొబ్బరినూనె మాత్రం రాయొద్దు, ఇక్కడి చలికి సీసాలోనే గడ్డకడుతుంది, ఇనుము మీద నిలవదు. వంటనూనెలు జిగురు కడతాయి. మిషన్ ఆయిలో, మైనమో పలచగా రాసి, బట్ట సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో కాదు. అవిసె నూనె రాసి ఓవెన్లో కాల్చి నలుపు తెప్పించేవాళ్లు ఆ నూనె గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు. ఆరేటప్పుడు వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి.

ఇప్పుడు ఎండ. మాది రెంటచింతల దగ్గర. ఇంగ్లండ్ ఎండ నన్నేం చేస్తుందిలే అనే ధీమా నాకూ ఉండేది. కానీ రెంటచింతలలో మే నెల మిట్టమధ్యాహ్నం ఎవరైనా కూరిన కోటు, దానిపైన పది కిలోల గొలుసుల కవచం, నెత్తిన టోపీ, ఇనుప హెల్మెట్ వేసుకుని పరిగెడతారా? 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. అంత అక్కర్లేదు, 26 డిగ్రీలకే కవచం లోపల చెమట ఆరే దారి లేక ఒళ్లు ఉడికిపోతుంది. షోకి షోకి మధ్య ముందు తీయాల్సింది హెల్మెట్. తీశాక నీడలో పెట్టండి. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగే బదులు ఉప్పేసిన పలచటి మజ్జిగ తాగండి. మా డేరాలో ఇప్పుడు ఇంగ్లీషువాళ్లు కూడా అదే అడుగుతున్నారు. పక్కవాడు తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా "కాసేపట్లో సర్దుకుంటుంది" అనుకోవద్దు. అది వడదెబ్బ. అన్నీ విప్పి, నీళ్లతో తడిపి, గాలి విసురుతూ ఇక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చెయ్యాలి.

తలకి దెబ్బ తగిలినప్పుడు కూడా అంతే. హెల్మెట్ పుర్రెని పగలకుండా ఆపుతుంది, లోపల మెదడు కుదుపుకి లోనవడాన్ని పూర్తిగా ఆపలేదు. రేకుకి సొట్ట పడలేదు కాబట్టి మనకేం కాలేదనుకోకూడదు. తలనొప్పి, కళ్లు తిరగడం, ఇప్పుడే జరిగింది గుర్తులేకపోవడం, వెలుతురు భరించలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజుకి ఆట కట్టు, కారు నడపడం కూడా వద్దు. వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, మత్తుగా ఉన్నా నేరుగా ఆసుపత్రికే. ఇక్కడ మామూలు ఆటగాళ్లకి ఇచ్చే సూచనల ప్రకారం కంకషన్ (ఇలా మెదడు కుదుపుకి లోనవడం) తర్వాత 21 రోజుల లోపు మళ్లీ పోటీలోకి దిగకూడదు. మేమూ అదే పాటిస్తాం. వచ్చే వారం పెద్ద షో ఉందని బతిమాలినా మా కెప్టెన్ వినడు.

ముఖం తెరిచే ఉంటుందని మర్చిపోవద్దు. సన్నటి పట్టీ కత్తి వేటుని ఆపొచ్చు, బల్లెం కొస కంట్లోకి రాకుండా ఆపలేదు. అందుకే ముఖం మీదికి పొడవకూడదన్నది నియమం. బాణాలు, అవి రబ్బరు మొనలవే అయినా, లేచాయని కేక వినపడగానే తల దించి నేల చూడాలి. హెరాల్డ్‌కి కంట్లో బాణం తగిలిందన్న కథ నిజమో కాదో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, మనం ఆ వాదనకి కొత్త సాక్ష్యం కానక్కర్లేదు. పైకి చూసి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టాలన్న సరదా కొత్తవాళ్లకి ఎక్కువ.

హెల్మెట్ పెట్టుకున్నాక సగం వినపడదు, పక్కలు కనపడవు, అందరూ ఒకేలా ఉంటారు. హేస్టింగ్స్ యుద్ధం కథని బొమ్మలుగా కుట్టిన పాత బాయూ వస్త్రం మీద ఒక దృశ్యం ఉంది. విలియమ్ చనిపోయాడని పుకారు పుట్టి సేన చెదిరిపోతుంటే అతను హెల్మెట్ పైకెత్తి తన ముఖం చూపిస్తాడు. అంతటి నాయకుణ్ణే సొంత సైనికులు పోల్చుకోలేకపోయారు. మీరు మాత్రం యుద్ధం నడుస్తుండగా అలా ఎత్తకండి. ఏదైనా ఇబ్బందైతే "హోల్డ్" అని అరవండి, ఆ కేక విన్నవాళ్లంతా అందుకుని అరవాలి, ఆయుధాలు దించాలి, కదలిక పూర్తిగా ఆగాకే హెల్మెట్ మీద చెయ్యి వెయ్యాలి.

షో అయ్యాక పిల్లలు వరుస కడతారు, పెట్టుకుని చూస్తామని. వాళ్ల మెడకి రెండు కిలోలు ఎక్కువ, కింద వాళ్ల అమ్మానాన్నలు చెయ్యి పట్టి ఉంచాలి. పెట్టుకున్న మరుక్షణం ఎవరో ఒక అన్నయ్య పైన టంగుమని కొడతాడు, కచ్చితంగా కొడతాడు, కాచుకుని ఉండండి. నా పాత 18 గేజ్ హెల్మెట్‌కి ఇప్పుడు ఇదే ఉద్యోగం. తేలిక, అంచులు నున్నగా రాసి పెట్టాను. ఒకరి తల నుంచి ఇంకొకరి తలకి పేలు ఎక్కకుండా కాగితపు టోపీల ప్యాకెట్ ఒకటి సంచిలో వేసుకోండి.