క్రూజ్‌లో డ్రింక్స్ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

హైదరాబాద్ బార్‌లో బీరంటే 650 మి.లీ. సీసా. ఓడలో బీరంటే 330 లేదా 355 మి.లీ. క్యాన్. ఇక్కడ లార్జ్ అంటే 60 మి.లీ. ఓడ బార్లలో ఒక పెగ్గు కింద 30కీ 45కీ మధ్య పోస్తారు. "రోజుకి రెండు బీర్లు, అంతే" అనుకునే మనిషి ఓడెక్కాక నాలుగు క్యాన్లు తాగుతాడు, నాలుగింటికీ బిల్లు పడుతుంది. డ్రింక్స్ ప్యాకేజీ అంటే రోజుకి ఇంత అని ముందే కట్టేసి, ఓడలో గ్లాసు గ్లాసుకీ బిల్లు లేకుండా తాగే ఏర్పాటు. అందుకని దాని ధర చూసే ముందు మీ అలవాటును ఓడ కొలతల్లోకి మార్చుకోండి.

"అన్‌లిమిటెడ్" అన్న మాటను కూడా కాస్త గిచ్చి చూడాలి. కార్నివాల్ ఓడ కంపెనీ వారి చీర్స్ ప్యాకేజీలోనూ, ప్రిన్సెస్ కంపెనీ వారి ప్లస్ ప్యాకేజీలోనూ మద్యం రోజుకి 15 గ్లాసుల వరకే. అన్ని తాగేవాళ్లు ఎలాగూ తక్కువే కాబట్టి ఆ హద్దు వల్ల పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా గ్లాసు ధర మీద ఉండే హద్దుతోనే. ప్యాకేజీ ఒప్పుకున్న ధర దాటిన గ్లాసుకి చాలా క్రూజ్ లైన్లలో (ఓడ కంపెనీల్లో) పైమొత్తం మీరే కట్టాలి. మంచి సింగిల్ మాల్ట్ తాగేవాళ్లకి ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. ఇంకో సంగతి: ఓడవాళ్లు మీకిచ్చే కార్డు మీద ఒకసారికి ఒక గ్లాసే ఇస్తారు. మీ ప్యాకేజీ మీద పక్కవాళ్లకి తెచ్చిపెడుతూ దొరికితే డబ్బు వాపసు లేకుండా ప్యాకేజీ రద్దు చేస్తారు.

టికెట్‌లోనే వచ్చేవి

మామూలు నీళ్లు, ఐస్, టీ బ్యాగులతో టీ, సాదా కాఫీ, బఫేలో నిమ్మరసం లాంటివి, పొద్దున టిఫిన్ దగ్గర జ్యూస్: ఇవి చాలా లైన్లలో ఉచితం. డబ్బులు పడేవి కూల్‌డ్రింకులు, సీసా నీళ్లు, క్యాపుచినో లాంటి కాఫీలు, అప్పటికప్పుడు తీసిన జ్యూస్, మాక్‌టెయిల్, మద్యం. ఒక ఖాళీ వాటర్ బాటిల్ వెంట తీసుకెళ్లి బఫేలో నింపుకుంటే నలుగురున్న కుటుంబానికి సీసా నీళ్ల ఖర్చు పూర్తిగా పోతుంది.

ఇరానీ చాయ్‌కి అలవాటు పడ్డ నాలుకకి ఓడ టీ బొత్తిగా నచ్చదు, ముందే మనసు కుదుట పరుచుకోండి. వేడినీళ్లు ఎప్పుడూ దొరుకుతాయి. అల్లం టీ ప్రీమిక్స్ సాచెట్లు ఓ ఇరవై సంచిలో వేసుకుంటే సరి. కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె మాత్రం వద్దు. వేడి పుట్టించే పరికరాలను అగ్నిప్రమాదం భయంతో స్కానింగ్ దగ్గరే తీసి పక్కన పెడతారు, దిగేటప్పుడు ఇస్తారు.

అసలు లెక్క

ధరలు ఓడని బట్టీ, తేదీని బట్టీ మారుతుంటాయి. కింది అంకెలు లెక్క ఎలా వేయాలో చూపించడానికే. మీ బుకింగ్ యాప్‌లో కనిపించే ధరలు వీటి స్థానంలో పెట్టుకోండి.

ప్యాకేజీ మనిషికి రోజుకి 70 డాలర్లు అనుకుందాం. దాని మీద 18 శాతం గ్రాట్యుటీ (సిబ్బందికి టిప్పు పేరిట వేసే చార్జీ) కలిపితే 82.60. ఈ 18 శాతం విడిగా కొన్న గ్లాసుల మీద కూడా పడుతుంది కాబట్టి రెండు వైపులా కలిపే పోల్చాలి. చాలామంది ఒక వైపే కలిపి మోసపోతారు. 13 డాలర్ల కాక్‌టెయిల్ 15.34 అవుతుంది. 9 డాలర్ల బీరు 10.62. 5 డాలర్ల కాఫీ 5.90. 4 డాలర్ల నీళ్ల సీసా 4.72.

ఇప్పుడు నాలుగు రాత్రుల సింగపూర్, పెనాంగ్, ఫుకెట్ యాత్ర తీసుకోండి. మొదటి రోజు ఓడెక్కేసరికే మధ్యాహ్నం దాటుతుంది. రెండో రోజు పెనాంగ్‌లో, మూడో రోజు ఫుకెట్‌లో పగలంతా బయటే తిరుగుతారు. నిండుగా సముద్రం మీద గడిచేది నాలుగో రోజొక్కటే. ఐదో రోజు పొద్దున్నే దింపేస్తారు. ప్యాకేజీకి మాత్రం నాలుగు రోజులకీ ఒకే రేటు.

బయట తిరిగే రోజున సాయంత్రం రెండు బీర్లు, ఒక కాక్‌టెయిల్, ఒక కాఫీ: 42.48 డాలర్లు. ఎక్కిన రోజు కూడా ఇంతే వేసుకోండి. సముద్రం మీద రోజంతా ఉన్నప్పుడు మూడు బీర్లు, మూడు కాక్‌టెయిళ్లు, ఒక కాఫీ, రెండు నీళ్ల సీసాలు: 93.22. నాలుగు రోజులకీ కలిపి 220.66 డాలర్లు. ప్యాకేజీ అయితే 330.40. డాలరు 90 రూపాయలనుకుంటే సుమారు 19,860 రూపాయల తాగుడుకి 29,736 కట్టినట్టు. ఈ మనిషి తక్కువ తాగేవాడు కాదు, అయినా పది వేలు నష్టం. అదే మనిషి నాలుగింటిలో మూడు రోజులు సముద్రం మీదే ఉండే యాత్ర ఎక్కితే 322.14 అవుతుంది, ప్యాకేజీకి దాదాపు సమానం. తేడా అంతా ఓడలో గడిపే గంటల్లో ఉంది. అందుకే ప్యాకేజీ పేజీ తెరిచే ముందు రూట్ మ్యాప్ తెరవండి. ఏ రేవులో ఎన్నింటికి దిగి ఎన్నింటికి ఎక్కుతారో కాగితం మీద రాసుకోండి.

ఇంకా పెద్ద గుంత క్యాబిన్ నిబంధన. రాయల్ కరీబియన్ సహా చాలా లైన్లలో ఒక క్యాబిన్‌లో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే ఆ క్యాబిన్‌లోని పెద్దవాళ్లంతా తీసుకోవాలి. పంచుకుంటారేమోనన్న అనుమానం వాళ్లది. భర్త తాగుతాడు, భార్య ముట్టదు అనుకోండి. పై లెక్కలో 330.40 కాస్తా 660.80 డాలర్లు అవుతుంది, అంటే 59,472 రూపాయలు. అప్పుడు ఆయన ఒక్కడే రోజుకి దాదాపు పదకొండు కాక్‌టెయిళ్లు తాగాలి. గర్భిణికి, మందులు వాడేవారికి మినహాయింపు ఉంటుందేమో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడగండి. కొన్నిసార్లు రెండోవాళ్లకి మద్యం లేని ప్యాకేజీతో సరిపెడతారు. రెండు జంటలు కలిసి వెళుతుంటే బావా బావమరుదులు ఒక క్యాబిన్‌లో, ఆడవాళ్లు పక్క క్యాబిన్‌లో ఉండేలా బుక్ చేసుకోవడం కూడా ఒక దారే. ఇంట్లో ఒప్పుకుంటే!

వయసు నిబంధన కూడా చూడండి. అమెరికా రేవుల నుంచి బయలుదేరే ఓడల్లో 21 ఏళ్లు నిండాలి. ఆసియా, యూరప్ యాత్రల్లో చాలా లైన్లకి 18 చాలు.

మద్యం ముట్టని కుటుంబాలకి అమ్మే రిఫ్రెష్‌మెంట్ ప్యాకేజీ రోజుకి 30 డాలర్లనుకుంటే గ్రాట్యుటీతో 35.40. రెండు కాఫీలు, 5 డాలర్ల తాజా జ్యూస్ ఒకటి, 8 డాలర్ల మాక్‌టెయిల్ ఒకటి, రెండు నీళ్ల సీసాలు కలిపితే 36.58 అవుతుంది. అంటే ఇవన్నీ ప్రతిరోజూ తాగితేనే గిట్టుబాటు. పెద్దవాళ్లకి సాధారణంగా అవసరం పడదు. కోక్ కనిపిస్తే ఆగని పిల్లలకి సోడా ప్యాకేజీ పనికొస్తుంది: 13 డాలర్లదైతే 15.34, నాలుగు క్యాన్లతో తీరిపోతుంది. పిల్లలు రోజుకి నాలుగు క్యాన్లు తాగడం మంచిదా అన్నది మీ ఇంటి పంచాయితీ.

కొనాలని తేలితే ఓడెక్కాక కొనొద్దు. ముందుగా యాప్‌లో సాధారణంగా తక్కువ ధర ఉంటుంది, పండుగ సేల్స్‌లో ఇంకా తగ్గుతుంది. కనబడ్డ మొదటి మంచి ధరకి కొని, తర్వాత తగ్గితే రద్దు చేసి మళ్లీ కొనండి. బయలుదేరడానికి ఎన్ని రోజుల ముందు వరకు రద్దు చేయనిస్తారో మాత్రం నిబంధనల్లో చదువుకోండి. కొన్ని లైన్లు టికెట్‌తో "ఉచితంగా" ఇచ్చే డ్రింక్స్ ప్యాకేజీకి కూడా సర్వీస్ చార్జీ కట్టించుకుంటాయి. నార్వేజియన్ అనే లైన్‌లో అది ప్యాకేజీ అసలు ధర మీద 20 శాతం. ఉచితం అన్న మాటకి ఉన్న ఖరీదు అది.

వర్షాకాలంలో వెళుతుంటే ఒక మాట. సముద్రం ఊగితే రెండు రోజులు మజ్జిగ కూడా దిగదు. వాంతులయ్యాయని ప్యాకేజీ డబ్బు వాపసు ఇవ్వరు.

తిండి సంగతి

మెయిన్ డైనింగ్ రూమ్, బఫే, పిజ్జా కౌంటర్ లాంటివి టికెట్‌లోనే ఉంటాయి. స్టేక్, సుషీ, ఇటాలియన్ పేర్లతో ఉండే స్పెషాలిటీ రెస్టారెంట్లకి విడిగా కట్టాలి. తెలుగువాళ్లలో ఎక్కువమందికి ఇవి దండగ. వాటి ధరంతా మాంసం నాణ్యత మీద, వైన్‌తో నంజుకునే పద్ధతి మీద నడుస్తుంది. శాకాహారికి అదే డబ్బుకి ఒక పాస్తా, ఒక సలాడ్ మిగులుతాయి. ఒక్కసారి సరదాకి తినాలనుకుంటే సముద్రం మీద ఉన్న రోజు మధ్యాహ్నం వెళ్లండి. కొన్ని ఓడల్లో రాత్రి కంటే మధ్యాహ్నం తక్కువకే పెడతారు, మెనూ దాదాపు అదే.

డిన్నర్‌కి ఐదున్నర బ్యాచ్, ఎనిమిది బ్యాచ్ అని రెండు వేళలుంటే రెండోదే ఎంచుకోండి. మన ఇళ్లలో తొమ్మిదికి తినేవాళ్లు ఐదున్నరకి కూర్చుంటే తినలేరు, పదింటికి మళ్లీ ఆకలేస్తుంది. అప్పటికి చాలా ఓడల్లో బఫే మూసి ఉంటుంది. రూమ్ సర్వీస్‌కి చాలా ఓడల్లో ఆర్డరు మీద చార్జీ ఉంటుంది. రాత్రి తలుపుకి చీటీ తగిలిస్తే పొద్దున తెచ్చే సాదా బ్రేక్‌ఫాస్ట్ మాత్రం సాధారణంగా ఉచితం.

శాకాహారం, జైన్, హలాల్ కావాలంటే బుక్ చేసినప్పుడే రాయించి, ప్రయాణానికి నెలన్నర ముందు ఒకసారి ఖాయపరుచుకోండి. సింగపూర్ నుంచి వెళ్లే ఓడల్లో మనవాళ్లు ఎక్కువ కాబట్టి బఫేలో పప్పు, అన్నం, ఒక కూర దాదాపు రోజూ ఉంటాయి. ముంబై, చెన్నై నుంచి నడిచే కార్డీలియా ఎంప్రెస్‌లో అసలు వంటే మన దేశపు వంట. ఏ ఓడైనా మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌తో మాట్లాడటం అన్నిటికన్నా పనికొచ్చే పని. రేపటి మెనూ ముందే చూపించమనండి, మెనూలో లేని పప్పు, రోటీ, పెరుగు కూడా ముందు చెబితే చేయించి పెడతారు. "వెజ్" అంటే చాలదు. గుడ్డు లేకుండా, ఫిష్ సాస్, ఆయిస్టర్ సాస్ లేకుండా, మాంసం ఉడికించిన నీళ్లు కలపకుండా అని విడివిడిగా చెప్పాలి. ఆసియా వంటకాల్లో కూరగాయల నూడుల్స్‌కి కూడా ఆ సాసులు పడతాయి. శనివారమో సోమవారమో నీచు ముట్టనివాళ్లు ఆ తేదీ ఏ రోజు పడుతుందో ముందే చూసుకుంటే వెయిటర్‌కి చెప్పడం తేలిక.

ఆవకాయ, కందిపొడి ఫ్యాక్టరీ సీలున్న ప్యాకెట్లలో చెక్-ఇన్ లగేజీలో పెట్టండి. నూనె పచ్చళ్లు హ్యాండ్ బ్యాగులో 100 మి.లీ. నిబంధనకి చిక్కుతాయి. వాటిని రేవుల్లో కిందకి దించొద్దు, తిండి పదార్థాల మీద ఒక్కో దేశానిది ఒక్కో నియమం.

మొత్తం ఖర్చు కాగితం మీద పెట్టండి

హైదరాబాద్ ఏజెంటు చెప్పే "ఇంతే" ధర ఇద్దరు ఒక క్యాబిన్‌లో ఉంటే మనిషికి పడేది. ఒక్కరే వెళితే దాదాపు రెండింతలు. పోర్ట్ చార్జీలు, పన్నులు, రోజువారీ గ్రాట్యుటీ అందులో ఉన్నాయా లేవా అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. గ్రాట్యుటీ రోజుకి మనిషికి 18 డాలర్లనుకున్నా ఇద్దరికి నాలుగు రాత్రులకి 144 డాలర్లు, దాదాపు 13,000 రూపాయలు. దానికి శంషాబాద్ నుంచి విమాన టికెట్, ఒక రోజు ముందే చేరుకోవడానికి హోటల్ ఖర్చు కలపండి. అదే రోజు పొద్దున విమానంలో వెళ్లి మధ్యాహ్నం ఓడెక్కుదామనుకుంటే, విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. విదేశీ టూర్ ప్యాకేజీగా బిల్లు వేస్తే ఏజెంటు టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే ఆదాయ పన్ను) కూడా వసూలు చేస్తాడు. అది ఖర్చు కాదు, ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. కానీ చేతిలోంచి ముందు పోతుంది కాబట్టి లెక్కలో ఉంచుకోండి.

ఓడలో మీ ఖర్చులన్నీ రాసుకునే ఖాతాకి డెబిట్ కార్డు ఇవ్వొద్దు. ముందుగా కొంత మొత్తం బ్లాక్ చేస్తారు, అది విడుదలయ్యేసరికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డు మీద డాలర్ బిల్లుకి సాధారణంగా 3.5 శాతం మార్కప్ (విదేశీ కరెన్సీకి బ్యాంకు వేసే చార్జీ), దాని మీద 18 శాతం జీఎస్టీ పడతాయి: వంద డాలర్లకి 4.13 అదనం. "రూపాయల్లో తీసుకోమంటారా" అని మిషన్ అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయల రేటు దాదాపు ఎప్పుడూ దారుణంగా ఉంటుంది.

డ్యూటీ ఫ్రీలోనో రేవులోనో కొన్న మద్యం సీసాలను ఓడవాళ్లు దాచి చివరి రోజు ఇస్తారు. తిరిగొచ్చేటప్పుడు శంషాబాద్ కస్టమ్స్ దగ్గర పెద్దవాళ్లకి మనిషికి 2 లీటర్ల వరకే సుంకం లేకుండా వదులుతారు.

చివరి రాత్రి పడుకునే ముందు యాప్‌లోనో గదిలోని టీవీలోనో మీ బిల్లు వరస వరసా చదవండి. ప్యాకేజీలో ఉన్న గ్లాసుకి విడిగా చార్జీ పడటం, ఎప్పుడూ తియ్యని మినీబార్ సీసా లెక్కలోకి రావడం మామూలే. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌లో ఆ రాత్రే చెబితే నిమిషాల్లో తీసేస్తారు. పొద్దున దిగే వేళకి అక్కడ పొడుగాటి లైను ఉంటుంది. హైదరాబాద్ చేరాక మెయిల్ పెడితే జవాబు రావడానికే వారాలు పడుతుంది.